పై వరస మట్టి

గునపం దేనికో మెత్తగా తగిలింది. ఎముకకి తగిలితే ఒక చప్పుడొస్తుంది, పెట్టె చెక్కకి తగిలితే ఇంకో చప్పుడొస్తుంది. ఇది రెండూ కాదు. గోతులు తవ్వే ప్రొకోపిస్‌కి ఆ చప్పుళ్లన్నీ తండ్రి దగ్గర నేర్చుకున్న విద్యే. గునపం పక్కన పెట్టాడు. పార కూడా పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తీశాడు. తర్వాత తలెత్తి ఫాదర్ లెఫ్తేరిస్ వైపు చూశాడు. చచ్చిపోయినావిడ మొగుడు ఇగ్నాతిస్ గోతి అంచునే నిలబడి ఉన్నాడు. అతని వైపు మాత్రం చూడలేదు.

ఆడవాళ్లని కాస్త వెనక్కి జరగమనండి అన్నాడు ప్రొకోపిస్. ఎవరూ జరగలేదు. ఒకామె చేతిలో పళ్లెం ఉంది, ఒకామె చేతిలో వైన్ సీసా, ఇంకొకామె చేతిలో ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ. ఎముకలు కడగడానికి వచ్చారు వాళ్లు.

ఆ దీవిలో, ఆ ఊళ్లో, సమాధుల దొడ్డి కొండవాలున నాలుగు గోడల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఎవరికైనా అక్కడ మూడేళ్లే చోటు. మూడేళ్లు నిండాక ఎముకలు పైకి తీసి, వైన్‌తో కడిగి, రేకు పెట్టెలో సర్ది, చర్చి పక్క గదిలో అర మీద పెడతారు. గొయ్యి ఇంకొకరికిస్తారు. ఎముకలు పసుపుపచ్చగా, శుభ్రంగా వస్తే పోయిన మనిషి నిశ్చింతగా పోయినట్టు. అలా రాకపోతే ఎవరో ఆ మనిషిని పట్టుకుని వదలటం లేదన్నమాట. ఎవరిదో ఉసురు, ఎవరిదో తీరని కోపం. మట్టి అలాంటివాళ్లని తీసుకోదని ఆ ఊరి నమ్మకం.

మిర్సినీని మట్టి తీసుకోలేదు.

పెట్టె మూత, ముఖం మీద కప్పిన గుడ్డ ఎప్పుడో పోయాయి గాని ముఖం పోలేదు. ముక్కు దగ్గర కొంచెం కుంగింది, అంతే. బుగ్గలు, గడ్డం, ఆ లావుపాటి మెడ అన్నీ అలాగే ఉన్నాయి, బూడిదరంగు కలిసిన తెలుపులో. ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు. పళ్లెం పట్టుకున్నామె దాన్ని కింద పెట్టేసింది. మిర్సినీ అక్క రల్లూ ఒక్కతే ముందుకొచ్చి గోతిలోకి వంగి చూసింది. డెబ్బై దాటిన మనిషి, అయినా నడుం వంగలేదు.

"ఎవరో పట్టుకున్నారు దీన్ని," అంది రల్లూ. గట్టిగా అనలేదు. అని, తలెత్తి ఇగ్నాతిస్ వైపు చూసింది. అప్పుడు అందరూ అటే చూశారు.

ఇగ్నాతిస్ గోతిలోకి దిగాడు. ఫాదర్ వద్దన్నట్టు చెయ్యెత్తి, మళ్లీ దించేశాడు. భార్య భుజం దగ్గర బొటనవేలితో ఒత్తి చూశాడు ఇగ్నాతిస్. వేలు కొంచెం దిగి ఆగింది. పైన జిడ్డు, లోపల గట్టి. వేళ్ల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుళ్లు వాసన కాదు. చెమ్మగదిలో ఏళ్ల తరబడి మగ్గిన సబ్బు వాసన.

నలభై ఏళ్లు సబ్బుల కార్ఖానాలో కొప్పెర దగ్గర నిలబడినవాడు. ఉడుకుతున్న సబ్బులో సోడా ఎక్కువైందో తక్కువైందో చూడాలంటే రవ్వంత తీసి నాలుక మీద వేసుకోవాలి, వేరే దారి లేదు. ఆ అలవాటు చొప్పున అతని చెయ్యి నోటి దాకా సగం లేచింది. సగంలో ఆగింది. చెయ్యి పంట్లానికి తుడుచుకుని పైకెక్కాడు. అది ఎవరైనా చూశారో లేదో అతనికి తెలియదు.

ఊళ్లో జనం ఎందుకు తనవైపు చూశారో మాత్రం తెలుసు.

మిర్సినీకి గుండె జబ్బు. ఆ సంగతి ఏడాదిన్నర పాటు ఆమె అక్కకి తెలుసు, పట్నంలో మందుల కొట్టువాడికి తెలుసు, ఫాదర్ భార్యకి (అక్కడ ఫాదర్లకి పెళ్లిళ్లు మామూలే) తెలుసు. ఇగ్నాతిస్‌కి తెలియదు. కాళ్లు వాచి చెప్పులు పట్టకపోతే, చెప్పులు తడిసి బిగుసుకుపోయాయంది. వంటింట్లోంచి మంచం దాకా నడిచి ఆయాసపడితే, లావెక్కిపోయానని నవ్వింది. మాత్రలు కాఫీ డబ్బాలో పొడి కింద దాచింది. ఒకరోజు పెరట్లో బట్టలారేస్తూ పడిపోయాక, ఆసుపత్రి వరండాలో, ఎవరో నర్సు అతన్ని అడిగింది: ఇంతకాలంగా ఏ మందులు వాడుతోందో మీకు తెలియదా అని. పక్కనున్న రల్లూ జవాబు చెప్పింది. మందుల పేర్లన్నీ వరసగా, నీళ్లు తాగినట్టు చెప్పింది.

అతనికి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఆరేళ్ల కాపురం. పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరే మనుషులు, అందులో ఒకరికి తెలియకుండా ఇంకొకరు చచ్చిపోతూ ఉన్నారు. ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అతను మంచం పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. దిండు సర్దాడు, నీళ్లు పట్టాడు, మాట్లాడలేదు. ఆమె ఒకటి రెండుసార్లు చెయ్యి చాపింది. పట్టుకున్నాడు గాని నోరు విప్పలేదు. ఆమె అడిగి ఉంటే అరిచేవాడేమో. అడగలేదు.

చర్చిలో పెట్టె మూసే ముందు అందరూ ఒక్కొక్కరే వంగి పోయినవాళ్ల నుదుటి మీద చివరి ముద్దు పెడతారు. వంగినవాళ్లు క్షమించామన్నట్టు. ఇగ్నాతిస్ వంగలేదు. టోపీ చేత్తో పట్టుకుని స్తంభంలా నిలబడ్డాడు. ఊరంతా చూసింది. ఇంకొకటి కూడా చేశాడు. రల్లూ వాళ్లది పాతకాపు ఇల్లు, సమాధుల దొడ్డిలో పై వరస వాళ్లది. అక్కడ చోటిస్తానని రల్లూ తనంతట తానే అంది. ఇగ్నాతిస్ నాన్న సముద్రానికి అవతలి ఒడ్డు నించి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాడు. అలా వచ్చినవాళ్లకి కింది మూల విదిలించారు. నా పెళ్లాం నా వాళ్ల దగ్గరే ఉంటుంది అన్నాడు ఇగ్నాతిస్. ఆ రోజు రల్లూ దగ్గర గుక్కెడు నీళ్లు తీసుకోమన్నా తీసుకునేవాడు కాదు.

ఇప్పుడు ఆ కింది మూలే ఇలా చేసింది.

గోతి మీద చెక్కలు పరిచి, పైన టార్పాలిన్ కప్పారు. మర్నాడు ఫాదర్ ఊరి డాక్టర్ని తీసుకొచ్చాడు. డాక్టరు కుర్రవాడు, ప్రభుత్వం పంపితే వచ్చినవాడు, ఇంకా నిండా ఏడాది కాలేదు. చెక్క పక్కకి జరిపి చూశాడు, ఇగ్నాతిస్ చూసినట్టే వేళ్లతో నలిపి చూశాడు. తర్వాత గోడ మీద కూర్చుని సిగరెట్టు తీసి ఇగ్నాతిస్‌కి ఒకటిచ్చాడు.

"మీకు నేను చెప్పేదేముంది," అన్నాడు. "మీ పనే కదా."

"కొప్పెరలో సంగతి తెలుసు. ఇది తెలియదు. చెప్పు."

డాక్టరు చెప్పాడు. ఒంట్లో ఉన్నవి నాలుగైదు రకాల సరుకే, దేని దారి దానిది అన్నాడు. మాంసం ఒక దారిన పోతుంది, కొవ్వు ఒక దారిన పోతుంది, ఎముకలో ఉన్నది సున్నం గనక నిలుస్తుంది. వీటిని విడగొట్టేవి కంటికి కనబడని క్రిములు. మనం బతికున్నప్పుడూ మన పేగుల్లో ఉన్నవే. వాటిలో గాలి కావాల్సినవి గబగబా పని చేసి అంతా ఊడ్చేస్తాయి. గాలి అక్కర్లేనివి నింపాదిగా, అరకొరగా చేస్తాయి. బంకమన్ను, నీళ్లు, గాలాడని చోటు దొరికితే రెండో రకం క్రిములదే రాజ్యం.

ఇగ్నాతిస్ పొగ వదిలాడు. నూనె అంటే ఒక ముడికి కట్టిన మూడు పోగులని కార్ఖానాలో పెద్దమేస్త్రీ చెప్పేవాడు. సోడా ఆ ముడి విప్పుతుంది, విడిపోయిన పోగుల్ని తనే పట్టుకుంటుంది, అదే సబ్బు. ఇక్కడ సోడా ఎక్కడిదని అడిగాడు.

ఇక్కడ ముడి విప్పింది క్రిములే అన్నాడు డాక్టరు. పోగుల్ని పట్టుకున్నది మట్టిలో ఉన్న సున్నం. సున్నపు సబ్బు నీళ్లలో కరగదు. మీ భార్య ఒళ్లు వాచి పోయింది గనక నీరు ముందే ఎక్కువ. పైన తోటలకి నీళ్ల గొట్టం వేశాక ఆ కారే నీరంతా ఈ మూలకే దిగుతోంది. మీ నాన్నగారి కాలంలో ఆ గొట్టం లేదు.

"ఇలాగే మళ్లీ పూడిస్తే?"

"ఇంకో మూడేళ్లకి ఇదే ముఖం చూస్తారు. ఆ తర్వాత మూడేళ్లకి కూడా. పొడి మట్టిలో, గాలాడేలా పెట్టండి. కరిగిపోతుంది."

ఇగ్నాతిస్‌కి గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. ఏడ్పు కాదు, సంతోషమూ కాదు. తన తప్పు కాదని ఎవరో స్టాంపు వేసి ఇచ్చినట్టు. ఉసురు లేదు, శాపం లేదు. కొవ్వు, నీళ్లు, సున్నం.

ఆ సాయంత్రం కాఫీ కొట్లో అదే మాట చెప్పాడు. మామూలుగా అతను అక్కడ నోరు విప్పడు. ఆ రోజు విప్పాడు. డాక్టరు చెప్పిందంతా పొల్లుపోకుండా చెప్పి, ఆడవాళ్లకి కూడా ఈ సంగతి చెప్పండి అన్నాడు. నలుగురూ విన్నారు. తలలూపారు.  ప్రొకోపిస్ అప్పటికి రెండు గ్లాసుల ఊజో సారా మీద ఉన్నాడు.

"అయితే ఇగ్నాతీ," అన్నాడు, "కార్ఖానా మూసేసినా నీ పని ఆగలేదన్నమాట."

ఎవరో నవ్వబోయి దగ్గులోకి దింపారు. ప్రొకోపిస్ ముఖం మాడిపోయింది, అలా అనుండకూడదని అతనికే తెలిసింది. ఇగ్నాతిస్ కాఫీ సగంలో వదిలేసి లేచాడు. వెనక నించి ప్రొకోపిస్ పిలిచాడు, క్షమించు అన్నాడు. ఇగ్నాతిస్ వినబడనట్టు నడిచాడు. క్షమించడం అతనికి ఎప్పుడూ చేతకాని పని. ముప్పై ఏళ్ల క్రితం గొర్రె విషయంలో మాట తప్పిన సొంత అన్నతో ఇప్పటికీ మాటల్లేవు, ఆ అన్న చచ్చిపోయి కూడా ఎన్నాళ్లో అయింది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కోబోయాడు. తొట్టి పక్కన అర నిండా పచ్చటి సబ్బు కడ్డీలున్నాయి. కార్ఖానా ఆఖరి కొప్పెర సబ్బు, జీతంలో భాగంగా ఇచ్చారు. ఒక్కొక్కదాని మీదా అచ్చు గుద్దింది అతనే. కడ్డీ చేతిలోకి తీసుకుని, మళ్లీ అర మీద పెట్టేసి, ఒట్టి నీళ్లతో కడుక్కున్నాడు. మర్నాడు కొట్టుకెళ్లి, జీవితంలో మొదటిసారి, డబ్బాలో వచ్చే సబ్బుపొడి కొన్నాడు. కొట్టువాడు డబ్బా ఇస్తూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

శనివారంలోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు ఫాదర్. ఆ శనివారం పోయినవాళ్లందరి పేరా ప్రార్థన జరిగే రోజు, ఆ లోపల ఆమెని చెక్కల కింద వదిలేయడం పాపం. పొడి మట్టి ఉన్నది పై వరసలో మాత్రమే, రాతిపొడి కలిసిన ఇసకమట్టి, వానపడ్డ గంటకే ఆరిపోతుంది. ఆ వరస రల్లూది. అడగాల్సింది నువ్వే, నేనడిగితే ఇవ్వదు అన్నాడు ఫాదర్. ఇగ్నాతిస్ రెండు రోజులు అటూ ఇటూ తిరిగాడు. రల్లూ ఇంటి మలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. మూడో రోజు వెళ్లాడు.

రల్లూ వంటింట్లో సార్డిన్ చేపలకి ఉప్పు పెడుతోంది. రేకు డబ్బాలో ఒక వరస చేపలు, ఒక పొర ఉప్పు. తల తుంచడం, వేలితో పేగు లాగడం, పడుకోబెట్టడం. అతను గుమ్మంలో నిలబడితే కూర్చోమనలేదు.

"ఏం కావాలి?" అంది.

"పై వరసలో చోటు కావాలి వదినా."

"మూడేళ్ల క్రితం ఇస్తానన్నాను. నా వాళ్ల దగ్గరే ఉంటుందన్నావు. ఊరంతా విన్నది."

"అన్నాను."

"మరి ఇప్పుడో?"

"కింద తడి. అక్కడుంటే అది కరగదు. డాక్టరు చెప్పాడు."

"డాక్టరు చెప్పాడు," అంది రల్లూ. ఇంకో చేప తల తుంచింది. "నీకు మనుషులు చెబితే ఎక్కదు, డాక్టరు చెప్పాలి. చోటిస్తాను. కానీ ముందు నువ్వు దాన్ని క్షమించానని చెప్పాలి. గోతి దగ్గర, అందరి ముందూ, నీ నోటితో."

"అది సబ్బు వదినా. సబ్బుకి క్షమాపణ అక్కర్లేదు. గాలి కావాలి."

"గాలి నా దగ్గరుంది. మాట నీ దగ్గరుంది. అదిచ్చి ఇది పట్టుకెళ్లు."

రల్లూ ఇంకో పొర ఉప్పు చల్లింది. వెళ్లిపోదామనుకున్నాడు. వెళ్లిపోతే మిర్సినీ మళ్లీ ఆ బురదలోకే వెళ్తుంది. మూడేళ్లకోసారి ఆ ముఖాన్ని అందరూ వంగి చూస్తారు, తర్వాత తలెత్తి అతన్ని చూస్తారు. తను చచ్చిపోయాక కూడా చూస్తారు. ఈ సంగతి అతనికి తెలుసు. అయినా వచ్చిన పని వదిలేసి వేరే మాట అడిగాడు. మూడేళ్లుగా గొంతులో ఉన్న మాట.

"నీకు చెప్పింది. మందుల కొట్టువాడికి చెప్పింది. ఫాదర్ పెళ్లానికి చెప్పింది. నాకెందుకు చెప్పలేదు?"

రల్లూ చేతులాపింది. ఆ ఒక్కసారే ఆమె కళ్లలో కోపం లేదు.

"నేనూ అడిగాను," అంది. "ఒకటికి పదిసార్లు. 'ఊరుకో అక్కా' అనేది. అంతే."

"ఇంకేమీ అనలేదా?"

"నీకు నచ్చే జవాబు కావాలంటే అల్లి చెప్పగలను. చెప్పమంటావా?"

"వద్దు."

"నేనూ వద్దనే అనుకున్నాను," అంది. డబ్బా మూత పెట్టి, పైన బండరాయి ఎత్తింది. అతను సాయం పట్టబోతే తనే ఎత్తుకుంది. "శనివారం పొద్దున్న రా. చెప్పేదేదో ముందే ఆలోచించుకుని రా. అందరి ముందూ నీళ్లు నమలకు."

శనివారం పొద్దున్న ఎండ బాగా కాసింది. పై వరసలో ప్రొకోపిస్ లోతు తక్కువగా తవ్వాడు, అదీ డాక్టరు చెప్పినట్టే. మిర్సినీని పలచటి నూలుగుడ్డలో చుట్టి, పెట్టె లేకుండా దించారు. గుడ్డ మీద పడ్డ ఇసక జలజలా జారింది. ఆ చప్పుడు ఇగ్నాతిస్‌కి నచ్చింది. ఫాదర్ ప్రార్థన చదివాడు, చదవడం అయింది, పుస్తకం మూశాడు. అందరూ ఆగారు.

ఇగ్నాతిస్ ముందుకొచ్చాడు. దార్లో ఒకటే అనుకున్నాడు. ఇది ఇసకకి ఇచ్చే ధర. ఆలివ్ గానుగ దగ్గర నూనె బేరం లాంటిదే. మాట ఇచ్చి మట్టి తీసుకోవడం.

"మిర్సినీ," అన్నాడు. "నేను నిన్ను క్షమించాను. దేవుడు నిన్ను క్షమించుగాక."

కొప్పెర దింపొచ్చు అని మేస్త్రీకి చెప్పేటప్పుడు ఎలా చెప్పేవాడో అలాగే చెప్పాడు. గొంతు వణకలేదు. లోపల ఏదీ కదల్లేదు కూడా. కాఫీ డబ్బా అక్కడే ఉంది, పొడి కింద మాత్రలూ అక్కడే ఉన్నాయి, ఆసుపత్రి వరండాలో నీళ్లు తాగినట్టు వరసగా చెప్పిన ఆ పేర్లూ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. ఆడవాళ్లు మాత్రం ఏడ్చారు. ఫాదర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ప్రొకోపిస్ టోపీ తీశాడు. రల్లూ వైన్ శిలువ ఆకారంలో గోతిలో పోసి, అతని ముఖం కేసి ఒకసారి చూసి, తల తిప్పుకుంది.

ఆ తర్వాత అతని బతుకులో పని ఒకటే మిగిలింది. ఆ మట్టిని పొడిగా ఉంచడం. గోతి పై వైపు రాళ్లు పేర్చి వాన నీళ్లకి పక్కదారి తీశాడు. ఆడవాళ్లు పూలకుండీలు తెచ్చి పెడితే తీసి పక్కన పెట్టాడు. నీళ్లు పోయొద్దన్నాడు. వాన వెలిశాక వెళ్లి కర్రతో గుచ్చి చూసేవాడు, కర్ర చివర తడి ఎంత దూరం అంటిందో వేలితో కొలిచేవాడు. ఊరివాళ్లు దాన్ని ప్రేమ అనుకున్నారు. పాపం, పశ్చాత్తాపపడ్డాడు అనుకున్నారు. ఇళ్ల ముందు నించి వెళ్తుంటే పిలిచి చీజ్ ముక్కో, వేయించిన గుమ్మడిపూలో చేతిలో పెట్టేవాళ్లు. తీసుకునేవాడు. ఇంటికొచ్చి ఒక్కడే తినేవాడు. బల్ల అవతలి కుర్చీని గోడకి చేర్చి పెట్టుకున్నాడు, దాని మీద బట్టలు పడేసేవాడు.

కొన్ని రోజులు పక్కమీద పడుకుని, ఆ మాట నిజంగా అనగలనేమో చూశాడు. గట్టిగా కాదు, లోపలే. 'నేను నిన్ను' అన్నదాకా వచ్చేది. అక్కడి నించి ఎప్పుడూ ప్రశ్నలోకే తిరిగేది. నేను నిన్ను ఏం చేశానని దాచావు? కొట్టానా? తిట్టానా? నీ వాచిన కాళ్లు నేను ఒత్తేవాణ్ణి కాదా? ఒక్కోసారి వేరే ఆలోచన వచ్చేది. తను క్షమించనివాడని ఊరందరికంటే ఆమెకే బాగా తెలుసు. జబ్బుని కూడా తను క్షమించడనుకుందేమో. ఆ ఆలోచన వచ్చిన రోజు లేచి వెళ్లి, ఎండలో, పై వరసలో కూర్చునేవాడు. అడగడానికి అక్కడా ఎవరూ లేరు.

మూడేళ్లకి మళ్లీ తవ్వారు. ఈసారి పార ఎముకకే తగిలింది. ప్రొకోపిస్ ఒక్కొక్కటే తీసి అందించాడు, మైనంలా పసుపుపచ్చగా, పొడిగా, తేలిగ్గా. ఇరవై ఏళ్లలో ఇంత శుభ్రంగా వచ్చిన ఎముకలు చూడలేదన్నాడు. ఆడవాళ్ల ముఖాలు విప్పారాయి. పుర్రె భర్త చేతిలోనే పెట్టాలి గనక ఇగ్నాతిస్ చేతిలో పెట్టారు. ఒకామె వైన్ పోసింది, అతను కడిగాడు. చేత్తో ఎత్తి పట్టుకుంటే దాంట్లో బరువే లేదు. మనిషి ఇంతేనా అనుకున్నాడు.

"నీ మాటే కరిగించింది ఇగ్నాతీ," అంది వైన్ పోస్తున్నామె. "దాని ఆత్మ ఆ మాట కోసమే ఆగింది."

"ఇసక," అన్నాడు అతను.

ఆమెకి వినబడలేదు. వినబడినా అతను మట్టికి దణ్ణం పెడుతున్నాడనుకునేది.

పెట్టె అర మీద పెట్టాక చర్చి పక్క హాల్లో కాఫీలు ఇచ్చారు. కాఫీ, చిన్న గ్లాసుల్లో బ్రాందీ, నువ్వుల బిస్కట్లు. హాలంతా పెళ్లి తర్వాతి రోజులా ఉంది. జనం వానల గురించి, ఆలివ్ కాపు గురించి మాట్లాడుకుంటున్నారు. ఆరేళ్లలో మొదటిసారి ఒక్కరు కూడా అతన్ని ఓరగా చూడటం లేదు. అతని చుట్టూ మాటలు మామూలుగా పారుతున్నాయి. అతనికి ఊపిరాడలేదు. రల్లూ కాఫీ పళ్లెంతో వెళ్తుంటే గోడవారకి పిలిచాడు.

"ఆ రోజు నేను చెప్పింది అబద్ధం," అన్నాడు.

రల్లూ పళ్లెం కింద పెట్టలేదు. 

"ఎవరితోనూ అనకు," అంది.

"నీతో అంటున్నాను."

"నాతో కూడా అనలేదు. దానికి చోటు దొరికింది, అది వెళ్లిపోయింది. ఇంక నన్ను కదపకు ఇగ్నాతీ, నేను ముసలిదాన్ని." గడ్డంతో జనం వైపు చూపించింది. "వాళ్లని చూడు. ఎంత నిమ్మళంగా ఉన్నారో చూడు. దాన్ని పాడు చెయ్యకు."

అని, ఒక కప్పు తీసి అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

జనం కదిలారు. వెళ్లేముందు ఒక్కొక్కరే అతని దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంటున్నారు. దేవుడు ఆమెని క్షమించుగాక అంటున్నారు. నువ్వు చల్లగా ఉండు, ఆమెని తలచుకుంటూ ఉండు అంటున్నారు. ప్రొకోపిస్ వచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టుకున్నాడు, బ్రాందీ వాసనతో. ఫాదర్ భుజం తట్టాడు. ఒక్కరైనా, ఎవరైనా ఒక్కరైనా, క్షమించావా నువ్వు అని అడుగుతారేమోనని ఇగ్నాతిస్ ప్రతి ముఖంలోకీ చూశాడు. అడిగితే ఈసారి ఏం చెప్పేవాడో అతనికి తెలియదు. అడిగి ఉంటే తెలిసేది.

చల్లారిన కాఫీ చేత్తో పట్టుకుని, హాలు ఖాళీ అయ్యేదాకా నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకీ "దేవుడు వినుగాక" అని జవాబు చెప్పాడు.